ఎడేల్ నుంచి బ్లీక్లో మీదుగా క్రౌడెన్: కారు లేదు, వచ్చేటప్పుడు బస్సు దొరుకుతుందా?

సందీప్_మాంచెస్టర్ | సెప్టెంబరు 8, రాత్రి 9:47

అందరికీ నమస్కారం. ఈ నెలాఖరు శనివారం పెన్నైన్ వే (ఉత్తర ఇంగ్లండ్ కొండల మీద సాగే పొడవాటి నడకదారి) మొదటి రోజు నడక ఒక్కడినే చేద్దామనుకుంటున్నా. ఎడేల్‌లో మొదలుపెట్టి కిండర్ స్కౌట్ కొండ ఎక్కి, స్నేక్ పాస్ రోడ్డు దాటి, బ్లీక్లో అనే ఇంకో కొండ మీదుగా క్రౌడెన్‌లో దిగాలి. 16 మైళ్ళంటున్నారు. పోవడానికి ఇబ్బంది లేదు, మాంచెస్టర్ పికాడిలీ స్టేషన్లో రైలెక్కితే ముప్పావుగంటలో ఎడేల్. వచ్చేటప్పుడే చిక్కు. మ్యాప్‌లో క్రౌడెన్ పక్కనుంచే ఏ628 వెళ్తోంది, షెఫీల్డ్ వైపు లారీలు తెగ తిరిగే రోడ్డు. అంత పెద్ద రోడ్డు మీద సాయంత్రం ఆరింటికో ఏడింటికో మాంచెస్టర్ బస్సు ఒక్కటైనా ఉండదా? యాప్‌లో ఏమీ చూపించట్లేదు. యాప్ తప్పా, నిజంగానే లేదా? నాకు ఇక్కడి డ్రైవింగ్ లైసెన్సు ఇంకా రాలేదు.

డాక్టర్‌గారి_భర్త | సెప్టెంబరు 8, రాత్రి 10:05

యాప్ కరెక్టే. రోడ్డుంది కాబట్టి బస్సుంటుందని ఇక్కడ అనుకోకు. స్నేక్ పాస్ మీద కూడా అంతే. అక్కడ షెఫీల్డ్–మాంచెస్టర్ మధ్య ఎక్స్57 అని ఒక బస్సు 2020లో మొదలై కొంతకాలం నడిచింది, తర్వాత ఆగిపోయింది. పాత బ్లాగుల్లో ఇంకా దాని టైములు కనిపిస్తాయి, చూసి మోసపోకు.

ఓరుగల్లు_రాజు | సెప్టెంబరు 8, రాత్రి 10:31

తమ్మీ, ముందుగాల లైసెన్సు తీస్కో, పాతదో కొత్తదో ఒక కారు కొనుక్కో. గీ బస్సుల ఎన్క ఉరుకుడేంది. నేనైతే లీడ్స్ల ఉండంగ ఒక్కసారి నమ్మిన బస్సును. సలిల గంటన్నర నిలబడ్డ. రాలే. మళ్ల నమ్మలే.

పెన్నైన్_పద్మ | సెప్టెంబరు 8, రాత్రి 11:18

రాజుగారూ, కారుంటే మాత్రం ఏం లాభం? ఎడేల్‌లో పెడతాడు, సాయంత్రానికి కొండకి అవతల ఉంటాడు. మళ్ళీ దాని కోసం వెనక్కి రావాలి. ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివర తేలే నడకకి కారు బరువే. కారున్న వాళ్ళంతా పార్కింగ్ దగ్గర మొదలై పార్కింగ్ దగ్గరే ముగిసే గుండ్రటి నడకలు ఎందుకు నడుస్తారనుకున్నారు?

సందీప్, నీ ప్లాన్‌లో మార్చాల్సింది ఒక్కటే. క్రౌడెన్ దాకా వెళ్ళకు. బ్లీక్లో మీంచి టోర్‌సైడ్ క్లఫ్ అనే వాగు లోయ వెంట దిగుతావు కదా, కిందికి వచ్చాక రిజర్వాయరు కనిపిస్తుంది. అక్కడ పెన్నైన్ వే ఒక పాత రైలు కట్టని దాటుతుంది. దాని పేరు లాంగ్‌డెన్‌డేల్ ట్రెయిల్. వుడ్‌హెడ్ సొరంగం గుండా మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్ళిన లైను అది. 1970లో ప్రయాణికుల రైళ్ళు, 1981లో గూడ్సు కూడా ఆపేశారు. పట్టాలు పీకేసి నడకదారి చేశారు. దాని మీద ఎడమకి తిరిగితే మూడు నాలుగు మైళ్ళలో హాడ్‌ఫీల్డ్ స్టేషన్. కట్ట చదునుగా ఉంటుంది, చీకటి పడ్డా దారి తప్పవు. హాడ్‌ఫీల్డ్ నుంచి పికాడిలీకి దాదాపు అరగంటకొక రైలు. ఒకటి పోతే ఇంకోటి ఎక్కుతావు. సాయంత్రం అలిసిపోయి దిగే చోట ఉండాల్సింది అదీ.

నేను ఈ దేశంలో మూర్ల (చెట్లు లేని కొండ బీళ్ళు) మీద నడవడం మొదలుపెట్టినప్పటి నుంచీ పాటించేది ఇదే. రోజుకి రెండు మూడు ట్రిప్పులుండే బస్సుని పొద్దున వాడతాను. సాయంత్రానికి రైలు స్టేషనో, తరచుగా బస్సులున్న ఊరో ఉండేట్టు చూసుకుంటాను. పొద్దున బస్సు ఆలస్యమైతే నడక కాస్త కుదించుకుంటాం. సాయంత్రం ఆఖరి బస్సు పోతే కుదించుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకో మాట. ఈ దారిలో ఉత్తరానికి నడుస్తుంటే నీ ఎడమ చెయ్యి వైపున్నవన్నీ ఇంటికెళ్ళే దారులే. మూడు చోట్ల దిగిపోవచ్చు:

కిండర్ అంచు వెంట వచ్చి ఆషప్ హెడ్ దగ్గర దిగాక, ఎడమకి విలియమ్ క్లఫ్ వాగు పట్టుకుంటే హేఫీల్డ్. అక్కడ స్టాక్‌పోర్ట్ వెళ్ళే 358, గ్లాసప్–బక్స్టన్ మధ్య తిరిగే 61 దొరుకుతాయి. రెండూ న్యూ మిల్స్ మీదుగానే, అక్కడ రైలుంది.

స్నేక్ రోడ్డు దాటిన కాసేపటికి డాక్టర్స్ గేట్ అనే పాత దారి అడ్డం వస్తుంది. రోమన్ల నాటిదంటారు. ఎడమకి దిగితే గ్లాసప్, అక్కడా రైలే.

మూడోది నేను చెప్పిన హాడ్‌ఫీల్డ్.

స్నేక్ రోడ్డు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం 2 దాటితే బ్లీక్లో ఎక్కకు. మబ్బు కిందికి దిగి ఉన్నా ఎక్కకు. అది కిండర్‌లా అంచు పట్టుకుని నడిచే కొండ కాదు. పైన అంతా నల్లటి పీట్ (కుళ్ళిన నాచు పేరుకున్న మెత్తటి) నేల, మనిషి లోతు కాలవలు, ఏ కాలవ చూసినా ఇంకో కాలవలాగే ఉంటుంది.

లెక్కల_మాస్టారు | సెప్టెంబరు 9, ఉదయం 6:10

అమ్మా పద్మా, చాలా చక్కగా చెప్పావు. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి, బోల్టన్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. తెల్లవారుజామునే మెలకువ వస్తుంది కాబట్టి ఈ లెక్క కట్టాను.

నేస్మిత్ అనే స్కాట్లాండు ఆయన 1892లో చెప్పిన సూత్రం ఉంది. మెట్రిక్‌లో చెప్పాలంటే గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ అదనంగా ఒక గంట. బాబు నడిచేది హాడ్‌ఫీల్డ్ దాకా 18, 19 మైళ్ళు, అంటే 30 కిలోమీటర్లు. దానికి 6 గంటలు. ఎక్కుడు 900 మీటర్లు వేసుకుంటే గంటన్నర. మొత్తం ఏడున్నర. ఇది ఆగకుండా, గట్టి నేల మీద నడిచేవాడికి. తడి నేలకి ఒక గంట, తిండికీ ఫొటోలకీ ఇంకో గంట కలపండి. తొమ్మిదిన్నర. ఉదయం 8:45కి ఎడేల్ స్టేషన్ వదిలితే సాయంత్రం 6:15. నెలాఖరుకి సూర్యాస్తమయం ఏడు ప్రాంతంలో. చేతిలో మిగిలేది ముప్పావుగంట. బొత్తిగా చాలదు. జూన్‌లో అయితే తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది, అప్పుడు ఈ చర్చే అక్కర్లేదు.

ఇంకొకటి గమనించాను. మా పల్లెలో ఆఖరి బస్సు నైట్ హాల్టు. రాత్రి తొమ్మిదికో పదికో ఊళ్ళోకి వచ్చి, డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లారి ఐదింటికి తీసుకుపోయేవారు. కాబట్టి పట్నంలో ఎంత ఆలస్యమైనా ఊరికి చేరేవాళ్ళం. ఇక్కడ బస్సు రాత్రికి డిపోకి చేరాలి. అందుకే పల్లె నుంచి బయటికి వచ్చే ఆఖరి బస్సు అంత పెందలాడే ఉంటోంది. చాలా మార్గాల్లో సాయంత్రం ఆరు దాటితే ఉండట్లేదు.

ఓరుగల్లు_రాజు | సెప్టెంబరు 9, ఉదయం 8:02

మాస్టారు, నైట్ హాల్టు మాట అని నన్ను యాభై ఏండ్లు ఎన్కకు తోల్కపోయిన్రు. పద్మక్క చెప్పినదాంట్ల నాయముంది, ఒప్పుకుంట. కానీ గా పల్లె బస్సులల్ల ఇంగోటున్నది. టైం టేబుల్ కింద సన్న అక్షరాలల్ల రాస్తరు సూడు, బడి దినాలల్లనే నడుస్తది అని. అది సూడకుంటే సచ్చినట్టే.

లక్ష్మి_రాచ్‌డేల్ | సెప్టెంబరు 9, మధ్యాహ్నం 1:20

రాజుగారు చెప్పినది నిజం. శనివారం టైం టేబుల్ వేరు, ఆదివారం వేరు, బ్యాంక్ హాలిడే (ప్రభుత్వ సెలవు) రోజు చాలా చోట్ల ఆదివారం లెక్కే. కొన్ని వేసవిలో మాత్రమే తిరుగుతాయి. టైం టేబుల్ ఏ తేదీ నుంచి అమలో కూడా చూడండి, సెప్టెంబరులో బడులు తెరిచేటప్పుడు మార్చేస్తుంటారు.

ఆడవాళ్ళం ఒంటరిగా నడిచేటప్పుడు ఇంకో లెక్క కూడా ఉంటుంది. మూర్ మీద నాకెప్పుడూ భయం వెయ్యలేదు, చీకట్లో షెల్టరు కూడా లేని స్టాపులో నిలబడ్డప్పుడే వేసింది. ఒకసారి నవంబరులో ఆఖరి బస్సు రానే రాలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పక్కనున్న పబ్‌లోకి వెళ్తే బార్ వెనకున్న ఆవిడ వాళ్ళ ల్యాండ్‌లైన్ నుంచి టాక్సీకి ఫోన్ చేసి, టీ ఇచ్చి, డబ్బులు తీసుకోలేదు. అప్పటి నుంచి దిగబోయే ఊరి టాక్సీ నంబర్లు రెండు కాగితం మీద రాసుకుని వెళ్తాను. పల్లెల్లో మాంచెస్టర్ టాక్సీ యాప్‌లు పనిచెయ్యవు, పనిచేసినా కారు రాదు.

బస్సుకి చెయ్యెత్తడం మర్చిపోవద్దు. నిలబడి ఉన్నాం కదా ఆపుతాడులే అనుకోవద్దు, చాలాచోట్ల ఆపడు. చీకటైతే తలకి కట్టుకునే లైటు చేత్తో పట్టుకుని కిందికి వేసి ఊపండి, డ్రైవరు కళ్ళలోకి కొట్టొద్దు.

కడప_కొండలు | సెప్టెంబరు 9, రాత్రి 8:44

పద్మక్కా, నీ మాట అన్నిచోట్లా సరిపోదు. నేనుండేది మిడిల్స్‌బ్రోలో. మా పక్క నార్త్ యార్క్ మూర్స్‌లో లైక్ వేక్ వాక్ అని ఉంది. 1955లో బిల్ కౌలీ అనే రైతు మొదలుపెట్టినాడు. ఓస్మదర్లీ దగ్గర నుంచి సముద్రం ఒడ్డున రేవెన్‌స్కార్ దాకా 40 మైళ్ళు, 24 గంటల్లో దాటాల. దాటినోళ్ళకి శవపెట్టె ఆకారంలో బ్యాడ్జీ. నవ్వకండి, నిజం.

ఇది తిరగేసి నడవొచ్చు గానీ ఎక్కువమంది పడమర నుంచి తూర్పుకే పోతారు. గాలి వీపు మీద కొట్టాల కదా. నలభై మైళ్ళు ఎదురుగాలికి నడిస్తే మనిషి మిగలడు. కాబట్టి ఆఖర్న తేలేది రేవెన్‌స్కార్‌లోనే. అది ఊరు కాదు, ఊరు కాబోయి ఆగిపోయిన చోటు. నూట పాతికేళ్ళ కిందట పెద్ద విహార పట్టణం చేద్దామని వీధులు గీసి ప్లాట్లు వేసినారు, కట్టాల్సిన కంపెనీ దివాలా తీసింది. రైలు 1965లో పోయింది. స్కార్‌బరోకి బస్సు ఉంది గానీ రోజుకి కొన్నే.

మేమేం చేస్తామంటే, రాత్రి మొదలుపెట్టి నడిచి మధ్యాహ్నానికి చేరేట్టు చూసుకుంటాం. బస్సు పోయిందా, అదే పాత రైలు కట్ట మీద రాబిన్ హుడ్స్ బే దాకా పోవాల. సిండర్ ట్రాక్ అంటారు. నాలుగు మైళ్ళుంటుంది. అక్కడ స్కార్‌బరో–విట్బీ మధ్య తిరిగే ఎక్స్93 దొరుకుతాది, అది బాగానే వస్తాది. 40 మైళ్ళు నడిచినాక ఇంకో నాలుగంటే ఏడుపొస్తాది, అది వేరే సంగతి.

వేసవి వారాంతాల్లో మూర్స్‌బస్ అని వాలంటీర్లు నడిపే బస్సులు కూడా ఉన్నాయి మాకు. ఆ రోజుల్లో అయితే మీ పద్ధతే, పొద్దున బస్సు.

పెన్నైన్_పద్మ | సెప్టెంబరు 9, రాత్రి 9:30

కొండలూ, గాలి సంగతి ఒప్పుకుంటా. కానీ నువ్వు చేసేది కూడా అదే కదా, బస్సు దొరకని ఊళ్ళో ఆగకుండా పాత రైలు కట్ట పట్టుకుని బస్సులున్న ఊరికి పోవడం. రైళ్ళు తీసేసి మనకి దారి మిగిల్చారు.

డాక్టర్‌గారి_భర్త | సెప్టెంబరు 10, ఉదయం 7:15

రైళ్ళంటే గుర్తొచ్చింది. సందీప్ హేఫీల్డ్ వైపు దిగాల్సి వస్తే విలియమ్ క్లఫ్‌లోనే దిగుతాడు కదా, 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది నిరసనగా కిండర్ మీదికి ఎక్కింది ఆ దారినే. అప్పట్లో ఆ కొండంతా జమీందార్ల గ్రౌస్ పిట్టల వేట భూమి, మామూలు జనం అడుగుపెడితే కాపలావాళ్ళు తరిమేవారు. ముందున్న బెన్నీ రాత్‌మన్ కుర్రాడు, వయసు ఇరవై. స్టేషన్‌లో పోలీసులు కాపు కాస్తారని మాంచెస్టర్ నుంచి సైకిల్ మీద వచ్చాడు. మొత్తం ఐదుగురికి జైలు పడింది, ఇతనికి నాలుగు నెలలు. పెన్నైన్ వే తెరిచింది 1965లో, సరిగ్గా అదే ఏప్రిల్ 24న. ఇంటికెలా పోవాలన్న బెంగ ఆ రోజు బెన్నీకి మనకంటే ఎక్కువే ఉండి ఉంటుంది.

టికెట్ల మాట: ఎడేల్‌కి రిటర్న్ కొనకు. వచ్చేది వేరే లైను, అది చెల్లదు. పోవడానికి సింగిల్, రావడానికి హాడ్‌ఫీల్డ్‌లోనో గ్లాసప్‌లోనో సింగిల్. బస్సెక్కాల్సి వస్తే ఇంగ్లండ్‌లో సింగిల్ టికెట్టు 3 పౌండ్లు దాటని పథకం 2025 జనవరి నుంచి ఉంది, అంతకుముందు 2 పౌండ్లే. అందులో చేరిన బస్సులన్నిటికీ వర్తిస్తుంది.

లెక్కల_మాస్టారు | సెప్టెంబరు 10, ఉదయం 7:40

మా బోటి పెద్దవాళ్ళకి బస్సు ఉచితమని విన్నాను?

డాక్టర్‌గారి_భర్త | సెప్టెంబరు 10, ఉదయం 7:52

ఇక్కడే స్థిరపడ్డ పెన్షన్ వయసు వాళ్ళకి మాస్టారూ, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఇవ్వరు. ఉన్నవాళ్ళకి కూడా చాలాచోట్ల మామూలు రోజుల్లో ఉదయం 9:30 దాటాకే.

ఓరుగల్లు_రాజు | సెప్టెంబరు 10, ఉదయం 8:20

గందుకే మాస్టారు, కారు కొనమన్న.

మోడరేటర్ | సెప్టెంబరు 10, ఉదయం 9:00

కారు చర్చకి వేరే థ్రెడ్ ఉంది. రాజుగారూ, అక్కడ మీ కోసం చాలామంది ఎదురుచూస్తున్నారు.

సందీప్_మాంచెస్టర్ | సెప్టెంబరు 10, రాత్రి 10:15

అందరికీ ధన్యవాదాలు. హాడ్‌ఫీల్డ్ ప్లాన్ ఖాయం చేసుకున్నా. ఆర్డ్నెన్స్ సర్వే ఓఎల్1 కాగితం మ్యాప్ కొన్నాను, దిక్సూచి ఉంది. బ్లీక్లో మీద 1948లో కూలిన అమెరికన్ బి-29 విమానం శిథిలాలు ఇంకా ఉన్నాయంట, చూడాలని ఉంది. దారి నుంచి ఎంత దూరం? తిండి ఏం తీసుకెళ్ళాలి? తడిసిన బట్టలతో రైలెక్కితే ఏమైనా అంటారా?

పెన్నైన్_పద్మ | సెప్టెంబరు 10, రాత్రి 11:02

విమానం అర మైలు పక్కకి ఉంటుంది, పోయి రావడానికి అరగంట పైనే పోతుంది. మాస్టారి లెక్కలో మిగిలిందే ముప్పావుగంట. ఈసారి వదిలెయ్. 13 మంది చనిపోయిన చోటు, హడావుడిగా చూసేది కూడా కాదు. గ్లాసప్ నుంచి ఇంకో రోజు విడిగా వెళ్ళు.

తిండికి పులిహోర. పెరుగన్నం వద్దు, బరువు. పల్లీ చిక్కీ జేబులోనే ఉండాలి, సంచిలో పెడితే వానలో తియ్యబుద్ధి కాదు. పొడి మేజోళ్ళు ఒక జత, సీటు మీద పరుచుకోవడానికి ప్లాస్టిక్ కవరు. బూట్లకి బురద ఉంటే రైల్లో ఎవరూ పట్టించుకోరు, ఆ లైన్లో సాయంత్రం సగంమంది అలాగే ఉంటారు. బస్సులో మాత్రం ఎక్కేముందు దులుపుకో.

ఫోన్ నుంచి 999కి రిజిస్టర్ అని ఇంగ్లీషులో మెసేజ్ పంపి ఈ రాత్రే నమోదు చేసుకో. ఫోన్ కలవని చోట మెసేజ్ పోయే అవకాశం ఉంటుంది. కొండ మీద ప్రమాదమైతే 999లో పోలీసుని అడిగి, వాళ్ళతో మౌంటెన్ రెస్క్యూ (కొండల మీద కాపాడే దళం) కావాలనాలి. విజిల్ ఉంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి.

ఏ రైలుకి వస్తావో ఇంట్లో చెప్పకు, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తావో చెప్పు. రైలు చెప్తే ఆ రైలు కోసం పరిగెత్తుతావు.

సందీప్_మాంచెస్టర్ | సెప్టెంబరు 28, మధ్యాహ్నం 12:30

వెళ్ళొచ్చాను. బ్లీక్లో ఎక్కలేదు.

ఎడేల్‌లో 9కి దిగాను. జేకబ్స్ ల్యాడర్ అనే రాతి మెట్ల దారి ఎక్కేదాకా ఎండే. పైకి వెళ్ళాక పడమటి గాలి నిలబడనివ్వలేదు. కిండర్ డౌన్‌ఫాల్ జలపాతం కిందికి పడట్లేదు, గాలికి నీళ్ళు పైకి లేచి మొహాన కొడుతున్నాయి. అది చూస్తూ ఒక బండ చాటున పులిహోర తిన్నా, సగం పల్లీలు గాలికి పోయాయి. మిల్ హిల్ దాటాక పాత మిల్లుల నుంచి తెచ్చి పరిచిన రాతి పలకలు మైళ్ళ పొడుగునా ఉన్నాయి, అవి లేకపోతే ఆ బురదలో మోకాళ్ళ దాకా దిగేవాణ్ణి.

స్నేక్ రోడ్డుకి 2:40. ఎదురుగా బ్లీక్లో లేదు, మబ్బే ఉంది. వెలుగింకా నాలుగు గంటలుంది కదా, పోదామా అని మనసు లాగింది. ఒక ఇంగ్లీషు జంట జీపీఎస్ పట్టుకుని వెళ్ళారు కూడా. నేను డాక్టర్స్ గేట్ పట్టుకుని దిగిపోయా. కాసేపటికే మబ్బు కిందికి వచ్చేశా, లోయ అంతా గోధుమరంగు బ్రాకెన్ ఫెర్న్ మొక్కలు, కింద వాగు. ఓల్డ్ గ్లాసప్‌లో టీ తాగి రైలెక్కా, చీకటి పడకముందే ఇల్లు చేరా.

మిగిలిన ముక్క, అంటే గ్లాసప్ నుంచి బ్లీక్లో ఎక్కి హాడ్‌ఫీల్డ్ దిగడం, వచ్చే నెల ఒక పూటలో చేస్తా. విమానం కూడా అప్పుడే. ఆ తర్వాత క్రౌడెన్ నుంచి మార్స్‌డెన్ అనుకుంటున్నా. క్రౌడెన్‌కి పొద్దున బస్సు లేదని తెలుసు. ఏం చెయ్యాలి?

లెక్కల_మాస్టారు | సెప్టెంబరు 28, మధ్యాహ్నం 1:05

బాబూ, 2 దాటితే ఎక్కొద్దన్న మాట పట్టుకున్నావు. సంతోషం. నేను వచ్చే వారం ఇండియా వెళ్తున్నాను, అక్కడి నుంచి చదువుతుంటాను.

పెన్నైన్_పద్మ | సెప్టెంబరు 28, సాయంత్రం 5:40

హాడ్‌ఫీల్డ్‌లో దిగి అదే కట్ట మీద పొద్దున్నే నడిచి టోర్‌సైడ్ చేరి, అక్కడి నుంచి క్రౌడెన్. నాలుగైదు మైళ్ళు పెరుగుతుంది. లేదా ఆ ముక్కకి హాడ్‌ఫీల్డ్ నుంచి టాక్సీ పెట్టుకో, పొద్దునకైతే ముందురోజే మాట్లాడుకోవచ్చు. తర్వాత లాడో రాక్స్, బ్లాక్ హిల్, 582 మీటర్లు. అవతల వెసెండెన్ లోయలోకి దిగాక పెన్నైన్ వే ఎడమకి స్టాండెడ్జ్ వైపు ఎక్కుతుంది. అలిసిపోయి ఉంటే అక్కడ ఎక్కకుండా రిజర్వాయర్ల వెంట కిందికి పోతే నేరుగా మార్స్‌డెన్ ఊళ్ళోకే. అక్కడ మాంచెస్టర్‌కీ హడర్స్‌ఫీల్డ్‌కీ రైళ్ళున్నాయి.

ఒక్కటి చూసుకో. ఆ లైను బాగుచేసే పనులు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి, వారాంతాల్లో రైళ్ళు ఆపి బదులు బస్సులు వేస్తుంటారు. ముందురోజు రాత్రి సైటులో చూశాకే బయల్దేరు. రైలు బదులు బస్సైతే స్టేషన్ మెట్ల దగ్గర నిలబడకు, అది ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫామ్ మీద కాగితం అంటిస్తారు.

ఓరుగల్లు_రాజు | సెప్టెంబరు 28, రాత్రి 9:11

తమ్మీ, మార్స్‌డెన్ దినం ఏదో చెప్పు. నేను గూడ వస్త. కారు హడర్స్‌ఫీల్డ్ స్టేషన్ల పెట్టి రైల్ల వస్త, పద్మక్క తిట్టకు.